పెద్దడుగు వారి జ్ఞాపికలు

నారాయణగెడ్డ మెయిన్ రోడ్డులో బెవర అప్పలసూరికి ఫోటోలకు ఫ్రేములు కట్టే కొట్టు ఉంది. దేవుళ్లు, పోయినవాళ్లు, కొత్తగా పెళ్లయినవాళ్లు, ఊళ్లో గోడకెక్కవలసిన వాళ్లందరికీ అద్దం బిగించేది అతనే. అయితే జనం ఆ కొట్టుకి ఫ్రేముల కోసమే వచ్చేవారు కాదు. లోపలి గదిలో ఒక గాజు బీరువా ఉంది. అందులోవి చూడ్డానికి పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చేవారు.

పై అరలో ఎర్రగుడ్డ మీద పదిహేడు అంగుళాల పొడుగున్న పాదం అచ్చు ఒకటి, ప్లాస్టర్‌తో పోసింది. దాని బొటనవేలు నిమ్మకాయంత ఉంటుంది. కింది అరలో హోమియోపతి సీసాలో చిటికెడు నల్లటి వెంట్రుకలు. పక్కన ఏదో కొరికి వదిలేసిన పనసకాయ ముక్క, ఎండి తోలైపోయింది. కొండ మీద రాత్రిపూట రికార్డు చేసిన ఒక క్యాసెట్టు. ఇంకా ఒక ఫోటో. అందులో వెదురు డొంక, దాని వెనక నల్లగా ఒక ఆకారం. చూసేవాడి భక్తిని బట్టి అది మహాజీవి కావచ్చు, ఎలుగుబంటి కావచ్చు, ఎవరో మరిచిపోయిన గొడుగూ కావచ్చు.

ఇవన్నీ పెద్దడుగు గురుతులు. పెద్దడుగంటే పైన కొండల్లో తిరుగుతుందని చెప్పుకునే ఒక జీవి. ఎనిమిదడుగుల ఎత్తు, ఒళ్లంతా జుట్టు, మనిషిలా రెండు కాళ్ల నడక. దాన్ని చూసినవాళ్లు లేరు. చూసినవాడి మేనల్లుడితో మాట్లాడినవాళ్లు మాత్రం మండలమంతా ఉన్నారు.

దాన్ని వెతకడానికి ‘పెద్దడుగు మిత్రమండలి’ అని పదకొండుమందితో ఒక సంఘం ఉండేది. పెట్టింది కాశీపతి మాస్టారు. హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. భార్య పోయాక ఆయన పాఠం తప్ప ఇంకేమీ మాట్లాడడం మానేశారు. బడికి వెళ్లడం, రావడం, వీధరుగు మీద కూర్చోవడం, అంతే. అలాంటి మనిషి ఒకరోజు పేపర్లో పెద్దడుగు గురించి నాలుగు ముక్కలు చదివి, ఫ్రేముల కొట్టుకి వచ్చి, “సూరీ, కొండెక్కుదామా?” అన్నారు. ఏడాది తరవాత బడి బయట ఆయన నోట వచ్చిన మొదటి మాట అది. అప్పలసూరి కొట్టు మూసి బయల్దేరాడు.

అప్పటినుంచి నెలకోసారి కొండ మీది సీకాయపుట్టుకి వెళ్లేవారు. నలభై గడపల ఊరు. రోడ్డు లేదు. పద్నాలుగు కిలోమీటర్ల నడక. అయిదేళ్లు తిరిగితే దొరికింది ఆ చిటికెడు వెంట్రుకలూ, ఆ పనసముక్కా. ఆరో ఏడు ఊరి పక్క గెడ్డ ఒడ్డున ఇసకలో పాదం అచ్చు దొరికింది. మాస్టారు ఆ తరవాత తొమ్మిదేళ్లు బతికారు. సుఖంగానే బతికారు. ఆయన పోయాక అప్పలసూరి రోజూ కొట్టు తెరవగానే ముందు ఆ అచ్చు మీది దుమ్ము దులిపి, తరవాతే దేవుడి పటానికి అగరొత్తు వెలిగించేవాడు.

కథ అక్కడే ఆగిపోయి ఉంటే బాగుండేది. కాని ప్రభుత్వానికి ‘మండలానికో విశిష్టత’ అనే పథకం తోచింది.

ప్రతి మండలమూ తనకంటూ ఒక విశిష్టతను నెలాఖరులోగా చూపాలి. పక్క మండలం వాళ్లు జీడిపప్పు పాకం చూపారు. అవతలి మండలం వాళ్లకి ఏమీ దొరక్క మూరెడు మీసాల మునసబుగారిని చూపారు. నారాయణగెడ్డలో మీసాలు కూడా చెప్పుకోదగ్గవి లేవు. ఇరవై ఎనిమిదో తారీకున విశిష్టతల శాఖ ఉపసంచాలకులు శేషఫణిగారు జీపు దిగి ఫ్రేముల కొట్టులోకి వచ్చారు. తెల్లబట్టలు, జేబులో మూడు రంగుల పెన్నులు. ప్రభుత్వ ఉత్తర్వులు చదివీ చదివీ ఆయనకు మామూలు తెలుగు మరుపున పడింది.

బీరువా ముందు అయిదు నిమిషాలు నిలబడి, “తమ వద్ద గల జ్ఞాపికా సంచయమును ప్రభుత్వము సాదరముగా గుర్తింపదలచినది” అన్నారు.

అప్పలసూరి కళ్లు చెమర్చాయి. మాస్టారుంటే ఎంత పొంగిపోయేవారో అనుకున్నాడు.

శేషఫణిగారు దరఖాస్తు తీశారు. ఆరో గడి దగ్గర ఆగారు. “జ్ఞాపికలకు మూలమైన జీవి: మరణించినదా, పౌరాణికమా, సజీవమా?”

“ఉన్నాదో లేదో తెల్దండి. ఉంటే బాగుణ్ణని ఎతుకుతున్నాం.”

“‘ఉంటే బాగుణ్ణు’ అను గడి ఇందులో లేదు.”

“మరేటి రాయమంటారు?”

“మరణించినదనినచో మరణ ధ్రువపత్రము జతపరచవలెను. పౌరాణికమనినచో ఒక అర్చకుని, నిత్యనైవేద్యమును చూపవలెను. సజీవమనినచో మీ సంతకము చాలును.”

అప్పలసూరి బీరువా వంక చూశాడు. సజీవమని రాసి సంతకం పెట్టాడు.

వారం తిరక్కుండా మండల కార్యాలయం ఆవరణలో ‘జ్ఞాపికా భవనం’ లేచింది. బీరువాను నలుగురు మోసుకుపోయారు. అప్పలసూరి భుజాన శాలువా కప్పి, చేతిలో రసీదు పెట్టారు: “పాదము ఒకటి, రోమములు చిటికెడు, కొరికిన ఫలము ఒకటి, క్యాసెట్టు ఒకటి, ఛాయాచిత్రము ఒకటి” అని. అవి ఇకమీదట ప్రభుత్వపు ఆస్తి కనక, అతను వాటిని చూడాలంటే మూడు రోజుల ముందు అర్జీ పెట్టుకోవాలి. దుమ్ము దులపాలంటే అది వేరే శాఖ.

నెల్లాళ్లయ్యాక ఒక మధ్యాహ్నం సీకాయపుట్టు నుంచి వంతల సోములమ్మ కొట్టుకి వచ్చింది. అరవై దాటిన మనిషి. మాస్టారూ అప్పలసూరీ కొండెక్కినప్పుడల్లా అంబలి పోసి, చాప వేసింది ఆవిడే. అప్పలసూరి ఆవిడని అక్కలా చూసి, అప్పా అని పిలిచేవాడు. వెంట మనవరాలు చిలకమ్మ, అయిదో నెల కడుపుతో. ఇద్దరూ పద్నాలుగు కిలోమీటర్లూ నడిచే దిగారు. సోములమ్మ చెంగు ముడి విప్పి ఒక కాగితం తీసింది.

“సూరిబాబూ, ఇది సదువు. మీ పెద్దడుగు కోసరం మమ్మల్ని ఎల్లిపోమంతన్నారంట. అరవై రోజులే గడువంట.”

అప్పలసూరి చదివాడు. సజీవమైన అరుదైన జీవికి ఆవాసం ఉండితీరాలి. ఆవాసంలో మనుషులు ఉండకూడదు. పాదముద్ర దొరికిన చోటే ఆవాసం. కాబట్టి సీకాయపుట్టు ఖాళీ చెయ్యాలి. ఎక్కడా తప్పులేదు. ఒక వాక్యం మెడ పట్టుకుని రెండో వాక్యం నడుస్తోంది.

“ఎక్కడికి పొమ్మన్నారప్పా?”

“రోడ్డు పక్కన రేకులేస్తారంట. మమ్మల్ని సూస్తే దానికి బయమేస్తాదంట.” సోములమ్మ గొంతు తగ్గించింది. “అది నేదని నాకు తెల్సు. నీకూ తెల్సు.”

“నీకేటి తెల్సప్పా?”

“ఆ పొద్దు నాను గెడ్డలో నీల్లకెల్లినాను. నువ్వు పనసచెక్కతో సేసిన పాదం ఇసకలో ఎట్టి, దాని మీదెక్కి తొక్కుతన్నావు. రెండుసార్లు జారి పడ్డావు కూడా.”

అది నిజం. ఆ నెల మాస్టారు, “ఇదే ఆఖరు సారి సూరీ, ఇంక దేనికీ రాను” అన్నారు. ఆ గొంతు విని భయమేసి, అప్పలసూరి ఫ్రేముల చెక్క చెక్కే ఉలితోనే నాలుగు రోజులు కూర్చుని పాదం చెక్కాడు. ఈ పదిహేనేళ్లలో ఆ మాట పెళ్లానికి కూడా చెప్పలేదు.

“సూసి మరి ఎవులికీ సెప్పలేదేటి?”

“ఏటని సెప్తాను? మేస్టారు అది సూసి ఇసకలో కూలబడిపోయి నవ్వినారు. పెళ్లాం పోయినాక ఆయన పళ్లు నాను సూసిందదే. నవ్వే మనిసికాడికెల్లి, బాబూ అది సెక్క అని సెప్తామా?”

చిలకమ్మ అరుగు మీద కూర్చుని పాదాలు నొక్కుకుంటోంది. అప్పలసూరి ఆమెకి మంచినీళ్లిచ్చి, అటక మీంచి గోనెసంచి దింపాడు.

అప్పలసూరి పెట్టుకున్న అర్జీ మీద విచారణ మండల కార్యాలయంలో జరిగింది. శేషఫణిగారు అధ్యక్షులు. పక్కన ముగ్గురు సభ్యులు, ముగ్గురూ ఒకేసారి తలూపడంలో ఆరితేరినవారు. వెనక బెంచీల మీద మిత్రమండలిలో మిగిలిన తొమ్మిదిమందీ కూర్చున్నారు. వాళ్ల ముందు నోరు విప్పడమే అప్పలసూరికి కష్టమైంది. మాస్టారి జీవితంలో పెద్ద రోజుని తన చేత్తో చిన్నది చెయ్యాలి.

“ఆ పాదం నేనే చేసేనండి. పెద్దడుగుది కాదు.”

సభ్యులు తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు. టేపు తెప్పించి అప్పలసూరి కాలు కొలిచారు.

“మీ పాదము తొమ్మిది అంగుళములు. అచ్చు పదిహేడు. కావున అది మీది కాదని రుజువైనది” అన్నారు శేషఫణిగారు.

“నా కాలు కాదండి. చెక్క కాలు.” అప్పలసూరి గోనెసంచిలోంచి పనసచెక్క పాదాన్ని తీసి బల్లమీద పెట్టాడు. బంట్రోతు అచ్చు తెచ్చాడు. రెంటినీ పక్కపక్కన పెడితే బొటనవేలితో సహా ఒక్కలాగే ఉన్నాయి.

శేషఫణిగారు లేచి నిలబడ్డారు. “అద్భుతము. ఆ జీవిని చూడకయే ఇంతటి కచ్చితమైన నమూనాను చెక్కిన భక్తి మిక్కిలి ప్రశంసనీయము. దీనిని కూడ జ్ఞాపికగా స్వీకరించుచున్నాము.” గుమాస్తా అప్పటికప్పుడు రసీదు రాశాడు: “దారు పాదము ఒకటి.”

“అయ్యా, అది లేదండి! లేనిదానికోసం మనుషుల్ని లేపేస్తున్నారు!”

“ఒక జీవి ఉనికిని నిర్ధారించు అధికారము ఈ మండలస్థాయి సంఘమునకు గలదు. లేమిని నిర్ధారించు అధికారము ఏ స్థాయిలోను ఎవరికిని దఖలు పరచబడలేదు.”

“నేను అబద్ధం ఆడేనని కేసు రాయండి. జైలుకెళ్తాను.”

“దానికి సాక్షి కావలెను.”

“సోములమ్మ చూసింది.”

“ఆమె నిర్వాసితురాలు. ఇల్లు పోవువారి సాక్ష్యము స్వార్థపూరితము.” ముగ్గురూ తలూపారు.

అందరూ లేచాక శేషఫణిగారు అప్పలసూరి భుజం మీద చెయ్యి వేసి వరండాలోకి తీసుకెళ్లారు. అక్కడ ఆయనకి మామూలు తెలుగు గుర్తొచ్చింది. “సూరిగారూ, మొన్న పెద్దడుగు ఆవాసానికి శంకుస్థాపన అయిపోయిందండీ. ఫలకం మీద అయిదుగురి పేర్లు చెక్కించాం. జంతువు లేకపోతే లేకపోయింది, ఫలకం ఉంది కదా. ఇప్పుడు దాన్నేం చెయ్యమంటారు?”

బయట మిత్రమండలి సభ్యులు ఒక్కరూ పలకరించలేదు. వాళ్లలో ఒకడైన పోస్టుమాను మాత్రం, “పోయినాయన మీద ఏడుపేటి సూరిగారూ?” అని వెళ్లిపోయాడు. మండలి ఆదివారాలు కూడేది ఆ కొట్టులోనే; ఆ ఆదివారం ఎవరూ రాలేదు. ఆ తరవాతి ఆదివారమూ రాలేదు.

గడువుకి పది రోజుల ముందు సీకాయపుట్టులో గ్రామసభ పెట్టారు. ఊళ్లోవాళ్ల సమ్మతి తీసుకోవడం చట్టం. సమ్మతించక తప్పదన్నదీ చట్టమే. జీపు సగం కొండ వరకే ఎక్కింది. శేషఫణిగారు మిగతా దూరం నడిచి, చెమట తుడుచుకుంటూ రావిచెక్క కుర్చీలో కూలబడ్డారు. అప్పలసూరి ఊరివాళ్లతో పాటు నేలమీద కూర్చున్నాడు.

“ఈ ప్రదేశమున నివసించు వారందరి సమ్మతిని వేలిముద్రల రూపమున స్వీకరింపవలసియున్నది” అని ఆయన చదివారు.

సోములమ్మ లేచింది. “బాబూ, నివసించువారందరంటే ఎవులు?”

“ఇచ్చట ఉన్నవారందరు.”

“పెద్దడుగు ఇక్కడుంటాదా?”

“నిస్సందేహముగా.”

“మరి దాని ఏలిముద్రో?”

గుమాస్తా పెన్ను ఆపాడు. శేషఫణిగారు ఉత్తర్వు మొదటి పేజీకి వెళ్లారు, చివరి పేజీకి వచ్చారు, మళ్లీ మొదటి పేజీకి వెళ్లారు.

“దాన్ని అడిగినారా?” అంది సోములమ్మ. “మమ్మల్ని లేపేస్తే దానికి సమ్మతమేనా? ఇన్నేళ్లు మా సోడిగింజలు తిని, మా గెడ్డలో నీల్లు తాగి బతికింది. మేం నేకపోతే దానికి జొరమొస్తే ఎవులు సూత్తారు? ఆకలేస్తే ఎవులింటికెల్తాది?”

అప్పలసూరి ఆవిడ ముఖం చూశాడు. ఆవిడ నవ్వడం లేదు. అప్పుడు అతనికి విచారణనాడు అర్థం కానిది అర్థమైంది. నిజం చెబితే రాసుకోవడానికి వాళ్ల దగ్గర గడి లేదు. అబద్ధానికైతే ఎన్ని కావాలంటే అన్ని గళ్లు ఉన్నాయి. లేచి నిలబడ్డాడు.

“ఆవిడ సెప్పింది నిజమేనండి. మా మండలి పుస్తకంలో ఉంది. అచ్చు దొరికింది ఊరికి వంద గజాల్లోనే. పెద్దడుగు మనుసులు లేనిచోట ఒక్క రోజుండదండి. మనుసుల వాసన పట్టుకుని తిరుగుతాది. ఈళ్లు దిగిపోతే అదీ దిగిపోతాది. రోడ్డు పక్క రేకులకాడికి వస్తాది. ఆ రేకులు మన మండలంలో లేవండి, పక్క మండలంలో ఉన్నాయి.”

ఆ చివరి మాట తగలవలసిన చోట తగిలింది. పెద్దడుగు పక్క మండలం పాలైతే విశిష్టత జీడిపప్పు పాకంవాళ్లకి పోతుంది.

శేషఫణిగారు నెమ్మదిగా కళ్లద్దాలు తీశారు. “సహజీవనము!” అన్నారు. గుమాస్తా పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు.

పదిహేను రోజుల్లో కొత్త ఉత్తర్వు వచ్చింది. సీకాయపుట్టు వాసులు ఇకమీదట నిర్వాసితులు కారు, ‘ఆవాసపు అంతర్భాగములు’. అడవిలో చెట్టుని, రాతిని, వాగుని ఎలా కదిలించకూడదో వాళ్లనీ అలాగే కదిలించకూడదు. చెట్లకి వేసినట్టే ప్రతి ఇంటి గుమ్మానికీ తెల్లరంగుతో అంకె వేశారు. సంతకి దిగి రెండు రోజులు ఆలస్యమైతే ‘ఒక అంతర్భాగము కానరాకున్నది’ అని పైకి రాసేవారు.

ఆ ఊరివాళ్లు ఇరవై రెండేళ్లుగా రోడ్డు కోసం అర్జీలు పెడుతున్నారు. నలభై గడపలకి రోడ్డు వెయ్యడానికి నిబంధనలు ఒప్పుకోవని జవాబు వచ్చేది. ఇప్పుడు ఒకే ఒక్క నివాసి కోసం, అదీ కాలినడకన తిరిగే నివాసి కోసం, తారురోడ్డు పడింది. చీకట్లో పెద్దడుగు వారి కాలికి రాయి తగలకుండా దీపాలు వెలిగాయి. ఆస్పత్రి కావాలని అడిగితే జనాభా చాలదన్న చోటే పశువైద్యశాల కట్టారు. తొమ్మిదడుగుల మంచం, డాక్టరు, మందుల అలమర, అన్నీ వచ్చాయి. రోగి మాత్రం రాలేదు.

అప్పలసూరి అర్జీ పెట్టుకుని, మూడు రోజులు ఆగి, జ్ఞాపికా భవనానికి వెళ్లాడు. అచ్చుకి రెండు గాజులు అడ్డం. లోపల దుమ్ము పేరుకుని ఉంది. పక్కన ఒక ఎర్ర మీట, దాని మీద ‘పెద్దడుగు వారి కంఠస్వరము’ అని రాసి ఉంది. నొక్కాడు. క్యాసెట్టు గరగరలాడి, కీచురాళ్ల చప్పుడు, ఆ వెనక పొడిదగ్గు వినిపించింది. నాలుగుసార్లు దగ్గి, గొంతు సవరించుకోవడం. ఆ దగ్గు అతనికి తెలుసు. చలికాలం కొండ మీద గొంగళి కప్పుకుని, టేపు రికార్డరు ఒళ్లో పెట్టుకుని మాస్టారు దగ్గిన దగ్గు. వెనక బడిపిల్లలు వరసలో నిలబడి భయంతో కిలకిలలాడుతున్నారు. అప్పలసూరి మళ్లీ నొక్కాడు. కాపలావాడు వచ్చి, ఒక మనిషికి రెండుసార్లేనని చెప్పేదాకా నొక్కుతూనే ఉన్నాడు.

చిలకమ్మకి నొప్పులు వచ్చినరోజు అప్పలసూరి సీకాయపుట్టులోనే ఉన్నాడు. కొట్టుకి ఎవరూ రావడం లేదు కనక ఈమధ్య అక్కడికే ఎక్కువ వెళ్తున్నాడు, బస్సులోనే. కిందకి తీసుకెళ్లే వ్యవధి లేక నలుగురు కలిసి ఆమెని పశువైద్యశాలకి మోసుకెళ్లారు. డాక్టరు కుర్రవాడే గాని మంచివాడు. ఒక్క క్షణం తటపటాయించి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్లాడు. మూడు వారాలుగా ఖాళీగా ఉన్న తొమ్మిదడుగుల మంచం మీద, పదింటికల్లా చిలకమ్మ ఆడపిల్లని కంది.

డాక్టరు బయటికి వచ్చి రిజిస్టరు తెరిచాడు. కొమ్ములు, తోక, చర్మం రంగు, జాతి అని గళ్లున్నాయి. జాతి దగ్గర ఆగిపోయాడు.

“మనిసి జాతే బాబూ, రాయి” అంది సోములమ్మ.

“ఇందులో మనిషి లేదమ్మా. ఆవు, గేదె, మేక, గొర్రె, పంది, పెద్దడుగు. ఇవే.” కొంచెం సిగ్గుపడుతూ అన్నాడు. “పెద్దడుగు అని రాస్తే మాత్రం ఏడాదిపాటు తల్లికి పాలపొడి, బలం మందులు, నెలనెలా డాక్టరు ఇంటికొచ్చి చూడ్డం, అన్నీ ఉన్నాయి. నా మీద కోపం తెచ్చుకోకండి.”

అప్పలసూరి గోడవైపు తిరిగాడు. సోములమ్మ చేతిలో పిల్లని ఒకసారి పైకెత్తి, ఎర్రగా ముడుచుకున్న ముఖాన్ని చూసుకుంది.

“రాసెయ్యి బాబూ” అంది. “మనిసని రాస్తే ఇన్నాళ్లు ఏటిచ్చినారు?”

డాక్టరు తల వంచుకుని రాశాడు. కొమ్ములు లేవు. తోక లేదు. జాతి పెద్దడుగు. తల్లీపిల్లా క్షేమం.

కింద సాక్షి అన్నచోట అప్పలసూరి సంతకం చేశాడు.